మింగు బావగారు

మా బావగారు కాఫీ కోసం కాఫీ తాగేవారు కాదు. కప్పు అడుగున ఏ ముద్ర ఉందో చూడాలి, దానికి కాఫీ అడ్డం. అందుకని గబగబా నాలుగు గుక్కల్లో ఆ అడ్డు తొలగించుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కప్పు బోర్లించి చూసేవారు. అడుగున మిగిలిన నురగ పంచె మీద బొట్లు బొట్లుగా పడేది. "లోకల్" అనేవారు. కాఫీ ఇచ్చిన ఇల్లాలి మొహం ఆ ఒక్క మాటకే చిన్నబోయేది. ఆయన అది చూసేవారు కాదు. మనుషులకి అడుగున ముద్రలుండవు కదా, ఆయనకి మనుషులతో పెద్ద పనుండేది కాదు.

గత నెలలో ఆయన పోయారు. విజయనగరంలో మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. 'కళాపోషకులు, ప్రాచీన పింగాణీ సేకర్త, వారికి మా అశ్రునివాళి' అని రాశారు. ఫొటోలో ఆయన ఒక నీలం కూజాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని నవ్వుతున్నారు. సొంత పిల్లల్ని అలా ఎత్తుకున్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. సంతాప సభలో రెండు మాటలు మాట్లాడమని నన్ను కూడా అడిగారు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది. నా దగ్గరున్న మాటలే అక్కడ పనికొచ్చేవి కావు.

ఆయన మా ఆయనకి అన్నగారు. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఒకే ఇల్లు. మేం కింద, వాళ్ళు మేడ మీద. ఇన్సూరెన్సులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగం ఆయన బుద్ధికి సరిగ్గా కుదిరింది. బొబ్బిలి నుంచి కళింగపట్నం దాకా ఏ ఇంట్లోకైనా సంచీ పట్టుకుని దర్జాగా వెళ్ళొచ్చు. పాలసీ గురించి చెబుతూనే కళ్ళు మాత్రం వంటింటి అటక మీదికి పోయేవి. అక్కడ దుమ్ము పట్టిన జాడీ కనిపించిందా, ఇక ఆ ఇంటివాళ్ళ చావు బతుకుల గురించి మాట్లాడ్డం ఆపేసి ఆ జాడీ గురించి మాట్లాడేవారు. మళ్ళీ వారం వెళ్ళేవారు. ఆ మళ్ళీ వారం ఒక ప్లాస్టిక్ డబ్బాల సెట్టు పట్టుకుని వెళ్ళేవారు. "ఇవి తేలిక, పగలవు, కడుక్కోడం సుఖం" అని ఆ ఇంటావిడకి చెప్పి, జాడీని కారు వెనక సీట్లో దుప్పటి కప్పి తెచ్చుకునేవారు. "వస్తువు విలువ తెలిసినవాడి దగ్గర ఉండాలమ్మా" అనేవారు నాతో. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో! ఎవరి దగ్గర్నుంచో ఏదో పట్టుకొచ్చిన ప్రతిసారీ విన్నాను.

మేడ మీద హాలు మొత్తం అద్దాల బీరువాలు. ఇరాన్ నీలం కూజా ఒకటి, మెడ సన్నగా, పొట్ట బోదగా ఉండేది. జపాన్ వాడి కుండీ, ఒంటినిండా బంగారు గీతలు. హాలెండుదని చెప్పే పళ్ళెం మీద గాలిమర. నల్లటి ఒంటి మీద ఎర్రటి మనుషులు ఈటెలు పట్టుకుని పరిగెత్తే గ్రీకు జాడీ ఒకటి ఉండేది. పాతకాలపు తెల్లదొరల ఇళ్ళలోవని చెప్పే పూల అంచు పళ్ళేలు వరసగా నిలబెట్టి ఉండేవి. బర్మా నుంచి నెయ్యో నూనో పోసుకుని ఓడల్లో వచ్చాయనే గోధుమరంగు పెద్ద జాడీలు నేల మీద. ప్రతిదాని ముందూ ఇంగ్లీషులో చిన్న చీటీ, దేశం పేరూ, శతాబ్దమూ. ఎవరింటి నుంచి వచ్చిందో మాత్రం ఏ చీటీ మీదా ఉండేది కాదు. అవి అసలువో నకలువో నాకు తెలీదు. తెలిసినవాళ్ళని ఆయన ఎప్పుడూ దగ్గరికి రానివ్వలేదు. ఒకసారి మ్యూజియంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషెవరో చూస్తానని కబురు పెడితే, "ఆయనకి దృష్టి లేదు" అని కొట్టిపారేశారు.

నీలం రంగు కనిపిస్తే చాలు, "మింగ్" అనేవారు. చైనాలో ఆ పేరుగల రాజవంశం ఉండేదట, వాళ్ళ కాలపు పింగాణీ అంటే ప్రపంచమంతా చెవికోసుకుంటుందట. "ఇది మింగ్, అది మింగ్, ఆ మూలది లేట్ మింగ్." వీధిలో పిల్లలు ఆయనకి మింగు మావయ్య అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు మింగు బావ అన్నారు. "ఏటి, మింగు బావ ఈవేళ ఏటి మింగొచ్చినాడు?" అని ఎదురింటి ముసలాయన అరుగు మీద నుంచి అరిచేవాడు. బావగారికి వినపడేది. తన విద్యకి దక్కిన బిరుదనుకుని నవ్వుకునేవారు.

ఆ హాల్లోకి ఎవరొచ్చినా చేతులు వెనక్కి కట్టుకోవాలి. కట్టుకునేదాకా ఆయన లైటు వెయ్యరు. తాసీల్దారు వచ్చినా, వియ్యాలవారు వచ్చినా అంతే. వియ్యపురాలు చంకలో మనవణ్ణి పెట్టుకుని వస్తే, పిల్లాణ్ణి గుమ్మం బయట దింపించారు. ఇక వేళ్ళతో మీటడం. పింగాణీ కనిపిస్తే గోటితో ఒక్క మీటు మీటి, తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకునేవారు. పెళ్ళి భోజనాల్లో మీటేవారు, టీకొట్టులో మీటేవారు. ఒక గృహప్రవేశంలో కొత్త బాత్రూములో వాష్‌బేసిన్ని మీటి, తల వాల్చి నిలబడితే, బయట చేతులు కడుక్కోడానికి జనం వరస కట్టారు.

కుండీలో పువ్వు పెట్టడం ఆయన దృష్టిలో నేరం. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి మేడ మీదికెళ్ళి, ఆ జపాన్ కుండీలో నాలుగు కనకాంబరాలు వేసి, గ్లాసుడు నీళ్ళు పోసింది. చాలా అందంగా ఉందని నన్ను పిలవడానికి వచ్చింది. మేం పైకెళ్ళేసరికి ఆయన కుండీని తలకిందులు చేసి తువ్వాలుతో తుడుస్తున్నారు. మామూలుగా పుస్తకాల భాష మాట్లాడే మనిషి, కోపమొస్తే అసలు భాష బయటికొచ్చేది. "ఒసే గుంటా! ముట్టుకున్నావంటే సేతులిరిసేస్తాను! పగిలిపోతాది!" అన్నారు. దానికి అప్పుడు అయిదేళ్ళో ఆరేళ్ళో. ఆ సాయంత్రమే మెట్ల దగ్గర గొలుసు తలుపు పెట్టించారు. కనకాంబరాలు కిటికీలోంచి మా వాకిట్లోకి పడ్డాయి.

మా అక్క, అంటే నా తోడికోడలు, అన్ని జాడీలున్న ఆ ఇంట్లో ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేది. నాలుగు నెలలు తిరిగేసరికి వాసన పట్టేది. "ఇన్ని జాడీలున్నాయి, సూడు, నా ఆవకాయకి మాత్రం ఒకటీ లేదు" అని ఒకసారి నాతో అంది. కోపంగా అనలేదు. అలవాటైపోయిన కాలినొప్పి గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆయన వాటిని నిజంగా ప్రేమించారేమోనని అనుకోడానికి కూడా నేను ప్రయత్నించాను. ఒక మధ్యాహ్నం బట్టలు తియ్యడానికి డాబా మీదికెళ్తూ హాల్లోకి చూశాను. ఆ ఇరాన్ కూజాని ఒళ్ళో పెట్టుకుని, మెత్తటి గుడ్డతో దాని మెడ నిమురుతూ, "ఎండ తగిలిందా? కర్టెను వేస్తానుండు" అంటున్నారు. గొంతులో ఎంత ఆపేక్షో! ఆ వారమంతా అక్క జ్వరంతో పడుకుని ఉంది. పక్కగదిలోనే. తలుపు తీసే ఉంది. నాకు ఆయన మీద ఉన్న కాస్త జాలీ ఆ మధ్యాహ్నంతో పోయింది.

ఇక మా పెద్దమ్మ సంగతి.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. బొబ్బిలిలో కొడుకు దగ్గర ఉంటుంది. వాళ్ళ నాన్న, మా తాత, గుళ్ళో సన్నాయి వాయించేవాడు. ఆడపిల్లకి సన్నాయెందుకని, ఆవిడకి జలతరంగం నేర్పించాడు. పింగాణీ గిన్నెల్ని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా అర్ధచంద్రంలా పేర్చి, వాటిల్లో నీళ్ళు పోసి, సన్నటి పుల్లలతో అంచుల మీద కొడుతూ వాయించే వాద్యం. ఒక్కో గిన్నె ఒక్కో స్వరం. నీళ్ళు ఎక్కువైతే స్వరం దిగుతుంది, తక్కువైతే లేస్తుంది. ఆ గిన్నెలు ఏనాడో కళింగపట్నం రేవులో ఓడ దిగినవని తాత చెప్పేవాడట. పంచమం, అదే 'పా', పలికే గిన్నె లోపల, అడుగున, నీలం రంగులో రెండు చేపలుండేవి. పెద్దమ్మ కొట్టినప్పుడల్లా నీళ్ళు వణికేవి, చేపలు కదిలేవి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మేం పిల్లలం పాట వినడం మానేసి ఆ చేపల్నే చూస్తూ కూర్చునేవాళ్ళం.

మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేస్తే మాతోపాటు బావగారూ వచ్చారు. భోజనాలయ్యాక పెద్దమ్మ చాప మీద గిన్నెలు పేర్చుకుని వాయిస్తోంది. అందరం చుట్టూ కూర్చున్నాం. బావగారు ముందు వరసలో మెడ చాచి చూస్తున్నారు. వినడం లేదు, చూస్తున్నారు. ఆవిడ పుల్లలు రెండూ గాల్లోకి లేపి ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. ఆ సందులో ఆయన చెయ్యి చాచి, చేపల గిన్నె ఎత్తి, నీళ్ళు పక్కనున్న పూలకుండీలో పారబోసి, గిన్నె బోర్లించారు.

పెద్దమ్మ చేతిలో పుల్లలు అలాగే ఉన్నాయి.

"అయ్యో, నీల్లు పారబోసీసినారేటి బావూ! సురుతి పోనాది కదా!"

"ముద్ర ఉందండీ!" అన్నారు బావగారు, అందరివైపూ గిన్నె తిప్పి చూపిస్తూ. "చూడండి, చూడండి! మింగ్! దీన్ని మీరు పుల్లలతో కొడుతున్నారా?"

పెద్దమ్మ నవ్వేసి గిన్నె తీసుకుంది. చెంబుతో నీళ్ళు కాస్త కాస్త పోస్తూ, కొట్టి వింటూ, మళ్ళీ శ్రుతి చేసుకోడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన పక్కన గొంతుక్కూర్చుని, ఆ గిన్నె తనకిమ్మని బేరమాడుతూనే ఉన్నారు. కొత్త గిన్నెలు తెస్తానన్నారు, మొత్తం సెట్టు తెస్తానన్నారు. "అది సేతికి అలవాటైపోనాది బావూ, ఇవ్వలేను" అందావిడ.

ఆ తరవాత కొన్నాళ్ళకి పెద్దమ్మకి కంట్లో శుక్లం తీయించాలని డాక్టరు చెప్పాడు. విజయనగరంలో చేయించి, కట్టు విప్పేదాకా మా ఇంట్లోనే ఉంచుకున్నాను. కింద మా పడకగదిలో పడుకోబెట్టాను. రెండో రోజు సాయంత్రం నేను ఆవిడకి జావ తాగిస్తున్నాను. పైనుంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. టింగ్‌మని. పెద్దమ్మ గుటక మింగడం ఆపేసి తల ఎత్తింది.

"మేడ మీద ఎవులో పంచమం వాయించినారే" అంది.

"మా బావగారికి అదే పని పెద్దమ్మా, పొద్దస్తమానం ఏదో ఒకటి మీటుతుంటారు" అన్నాను.

"కాదే. అది నా పంచమం."

ఆపరేషను మందుల మత్తేమో అనుకున్నాను. గ్లాసు నోటికందించాను. తాగలేదు. పైకప్పు వైపు చెవి పెట్టి చాలాసేపు అలాగే ఉంది. శబ్దం మళ్ళీ రాలేదు.

కట్టు విప్పాక పెద్దమ్మ బొబ్బిలి వెళ్ళిన రోజే ఫోను వచ్చింది. చేసింది వరలక్ష్మి వదిన, పెద్దమ్మ కోడలు. ఏడుస్తోంది.

"నువ్వే సెప్పొదినా. మీ బావగోరొచ్చి, పెద్దమ్మ ఆ సేపల గిన్ని తెమ్మన్నారు, మంచం మీద పడుకుని ఏటీ తోసక పుల్లతో కొట్టుకుంటారంట అన్నారు. నాను గుడ్డలో సుట్టి ఇచ్చినాను. ఆయన బల్ల మీద ఏదో డబ్బా ఎట్టి ఎల్లిపోనారు. ఇప్పుడు అత్త నానెప్పుడు తెమ్మన్నాను అంటంది. మీ అన్నయ్య నా మీద ఇంతెత్తున లేస్తన్నాడు. నానేటి సెయ్యను?"

ఆ డబ్బాలో ఉన్నది సూపు తాగే గిన్నెల సెట్టు. రిబ్బను కట్టి, గులాబీ పువ్వులు అచ్చేసినవి. పెద్దమ్మ కంటికి కట్టు కట్టుకుని కింద పడుకుని ఉంటే, ఆవిడ పేరే చెప్పి, ఆవిడ గిన్నె తెచ్చి, సరిగ్గా ఆవిడ తల మీద గదిలో కూర్చుని మీటుకున్నాడా మనిషి.

నేను మేడ మీదికెళ్ళాను. చేతులు వెనక్కి కట్టుకోలేదు. మా ఆయన "అన్నయ్యతో ఇప్పుడెందుకు" అంటూ మెట్ల దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"బావగారూ, పెద్దమ్మ గిన్నె ఇచ్చెయ్యండి" అన్నాను.

"ఏ గిన్నె?" అన్నారు. ఆయన వెనకాల బీరువాలో, ట్యూబులైటు కింద, పొడిగా, నీలం చేపలు కదలకుండా ఉన్నాయి. ముందు చీటీ కూడా పెట్టేశారు.

"అబద్ధం చెప్పి తెచ్చారు."

"అబద్ధం కాదమ్మా, ఉపాయం" అన్నారు ఆయన, చాలా శాంతంగా. "ఆవిడ దాన్ని రోజూ కర్రతో కొడుతోంది. ఏదో ఒకనాడు పగలగొడుతుంది. నేను కాపాడాను. వస్తువు విలువ తెలిసినవాడి దగ్గర ఉండాలి."

వంటింటి గుమ్మంలో నిలబడి అక్క అంది, "ఇచ్చీండి. ముసలమ్మ ఉసురు మనకెందుకు? ఏటవుతాది మీకు ఆ ఒక్కటీ లేకపోతే?"

"నోర్మూసుకుని లోపలికి పో!" అని ఆయన అరిచిన అరుపుకి బీరువా అద్దాలు నిజంగానే సన్నగా మోగాయి. ఆయన వెంటనే కంగారుగా వెనక్కి తిరిగి ఏదైనా కదిలిందేమోనని చూసుకున్నారు.

పెద్దమ్మే స్వయంగా వచ్చింది. కన్ను కుదుటపడ్డాక, బస్సెక్కి, కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పోట్లాటకి కాదు, అడగడానికి. బావగారు కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. తరవాత, చెబితే ఎవరూ నమ్మరు, ఆవిడ చేతులు వెనక్కి కట్టించి హాలంతా తిప్పి చూపించారు. ఇది ఇరాన్, ఈ నీలం వాళ్ళకే సాధ్యం. ఇది జపాన్, ఇది అసలు బంగారం. చివరికి ఆ బీరువా ముందు నిలబెట్టి, "ఇది చైనా. సుమారు నాలుగు వందల ఏళ్ళ కిందటిది. చేపలు సౌభాగ్యానికి గుర్తు" అని ఆవిడ గిన్నె గురించి ఆవిడకే పాఠం చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఎగతాళి చేస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు. మనస్ఫూర్తిగానే చెబుతున్నారు. అది ఆవిడదన్న సంగతి ఆయన బుర్రలోంచి ఎప్పుడో చెరిగిపోయింది.

పెద్దమ్మ అంతా విని, "బావూ, అది మీకు గిన్ని. నాకు పంచమం. అది లేకపోతే నా సేతిలో సగం రాగాలు లేవు" అంది.

"వేరే దాంట్లో నీళ్ళు పోసి సర్దుకోండి. నీళ్ళే కదా!"

"ధైవతం గిన్నిలో నీల్లు పోసి దించితే పంచమం వస్తాది బావూ. మరి ధైవతం ఎక్కడ్నుంచి తెచ్చీది?"

ఆయన గడియారం చూసుకున్నారు. పెద్దమ్మ చివరికి, "పోనీ, ఒక్కపాలి అద్దం తియ్యండి, వేలితో కొట్టి యినీసి ఎల్లిపోతాను" అంది. అద్దం తీస్తే దుమ్ము పడుతుందన్నారు. వరలక్ష్మి వదిన గోడ పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దమ్మ వెనక్కి కట్టిన చేతులు విప్పుకుని, గోడ పట్టుకుని, మెట్లు దిగింది.

సూపు గిన్నెలు ఆవిడ ప్రయత్నించి చూసింది. డబ్ డబ్‌మన్నాయట, తలుపు కొట్టినట్టు.

ఆ ఏడాది దసరాకి బొబ్బిలి గుళ్ళో పెద్దమ్మ కచేరీ. ఏటా వాయిస్తుంది, మానడానికి ఒప్పుకోలేదు. హిందోళం వాయించింది. తరవాత శ్రీరంజని. మళ్ళీ హిందోళంలోనే ఇంకో కీర్తన. పంచమం అక్కర్లేని రాగాలు ఏరుకుని వాయిస్తోందని ఆ గుళ్ళో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. గిన్నెల వరసలో ఒకచోట ఖాళీ మాత్రం అందరికీ కనిపిస్తోంది, ముందుపన్ను ఊడిన నోరులా. ఆ ఖాళీకి ఎదురుగా ముందు వరసలో మా బావగారు పట్టుపంచె కట్టుకుని కూర్చున్నారు. ప్రతి కీర్తనకీ తల ఊపారు. పక్కాయనతో, నాకు వినపడేలా, "ఈవిడ సెట్టులో ఒక పీసు నా దగ్గరుంది" అన్నారు, గర్వంగా. పక్కాయన "ఓహో" అన్నాడు.

తరవాత పెద్ద తుఫాను వచ్చింది. తెల్లారేసరికి ఇంటి ముందు కరెంటు స్తంభం ఒరిగిపోయి ఉంది. మధ్యాహ్నానికి గాలి ఇంకా పెరిగింది. మేడ మీద వంటింటి రేకులు లేచిపోతే అక్కా నేనూ బకెట్లతో నీళ్ళు తోడుతున్నాం. బావగారు ఇంట్లో ఉన్న దుప్పట్లూ, చీరలూ, పరుపులూ అన్నీ లాక్కుపోయి బీరువాల మధ్య కుక్కుతున్నారు. అవీ చాల్లేదు. మా అత్తగారు అప్పటికి మంచం పట్టి ఉన్నారు. ఆయన వచ్చి, తల్లి తల కింద నుంచి తలగడ మెల్లిగా లాగి, "అమ్మకి తలగడ లేకపోయినా ఫరవాలేదు, డాక్టరు కూడా అదే చెప్పాడు" అంటూ పట్టుకుపోయారు. ఏ డాక్టరూ చెప్పలేదు. నేను వెళ్ళి చూస్తే, ఆ తలగడ మీద ఇరాన్ కూజా వెల్లకిలా పడుకుని ఉంది. అత్తగారి తల కింద నేను నా పాత చీర మడతపెట్టి సర్దాను. ఆవిడ నన్ను చూసి, "ఆడికి సిన్నప్పట్నుంచీ అంతే. బొమ్మలు ఎవులికీ ఇవ్వడు" అంది. కొడుకు మీద ముద్దో విసుగో ఆ గొంతులో తెలియలేదు. ఆ శీతాకాలం దాటకుండా ఆవిడ పోయింది.

ఆ తుఫానుకి భయపడి బావగారు ఒక పని చేశారు. రెండు ట్యూబుల్లోంచి పిండి కలిపి అతికించే గట్టి జిగురుందే, చెప్పులకీ పైపులకీ వాడేది, అది తెప్పించి ప్రతి కుండీనీ, ప్రతి గిన్నెనీ, ప్రతి పళ్ళేన్నీ అల్మరా చెక్కలకి అతికించేశారు. వారం రోజులు ఇల్లంతా ఆ కంపు. ఆ తరవాత ఆయన మీటడం మానేశారు. అతికించిన పింగాణీ పలకదు. తన చేత్తోనే అన్నిటి నోళ్ళూ మూసేసుకున్నారు. అయినా ఆయన సంతోషంగానే ఉన్నారు. చీటీలు చదువుకుంటూ, వచ్చినవాళ్ళ చేతులు కట్టిస్తూ, ఊళ్ళో వాళ్ళెవరో తీసిన యూట్యూబు వీడియోలో 'నా జీవితం కళకే అంకితం' అని చెబుతూ, నిద్రలోనే, ఏ బాధా లేకుండా వెళ్ళిపోయారు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అక్క బీరువా తాళాలు నా చేతిలో పెట్టింది. "ఆ సేపల గిన్ని తీసుకెల్లి ఆయమ్మకిచ్చీ. ముందు అది ఎల్లిపోవాల" అంది. అద్దం తీసి గిన్నె పట్టుకుంటే కదల్లేదు. వేడినీళ్ళ గుడ్డ వేశాం, కర్మకి వచ్చిన మేనల్లుడి జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టాం. చివరికి వడ్రంగిని పిలిపించి, చుట్టూ చెక్క కోయించి, ఉలితో అంచెలంచెలుగా చెక్కించాం. ఊడి వచ్చింది. అడుగున జిగురు గడ్డ అలాగే ఉంది. దాని కిందే ఎక్కడో ఆ ముద్ర. పక్కన వెంట్రుకలాంటి గీత, అంచు దాకా.

మిగతావి చూడ్డానికి వైజాగు నుంచి హోటళ్ళకి అలంకరణ సామాను వేసేవాడొకడు వచ్చాడు. "ఇలాగెవులైనా అతికిస్తారా?" అన్నాడు. నాలుగు తీసుకెళ్ళాడు. మిగిలినవి చెక్కలతో సహా అక్కడే ఉన్నాయి.

నేను గిన్నె పట్టుకుని బొబ్బిలి వెళ్ళాను. తలుపు తీసింది వరలక్ష్మి వదిన. గిన్నె చూసి చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి పైకి ఏమీ అనలేదు. కానీ పెద్దమ్మ గిన్నెలు పేర్చుకున్నప్పుడల్లా వదిన పెరట్లోకి వెళ్ళిపోయేదని నాకు తెలుసు. ఆయన చెప్పిన ఒక్క అబద్ధం ఆ ఇంట్లో అలా మిగిలింది. దాని ముందు ఆయన ఏ చీటీ పెట్టలేదు.

పెద్దమ్మ గిన్నె తీసుకుని, లోపల వేలుపెట్టి చేపల్ని తడిమింది. గిన్నెలన్నీ పేర్చి, ఖాళీలో దీన్ని పెట్టి, చెంబుతో నీళ్ళు పోసింది. అడుగు నుంచి తడి మెల్లిగా గుడ్డ మీదికి పాకింది. పుల్లతో కొట్టింది. టక్‌మంది. మళ్ళీ కొట్టింది, మెత్తగా. అంతే.

"సచ్చిపోనాది" అంది.

కాసేపయ్యాక, "పోయినప్పుడు బాధ పడినారేటి ఆయన?" అని అడిగింది.

"లేదు. నిద్రలోనే."

"పాపం" అంది పెద్దమ్మ.

ఆ మాట నేను అనలేకపోయాను. ఇప్పటికీ అనలేను. పెద్దమ్మకి ఉన్నంత మంచితనం నాకు లేదు, కావాలనీ లేదు.

"వైజాగులో వెతికి ఇంకో గిన్నె తెస్తాను పెద్దమ్మా" అన్నాను.

"ఎందుకే? నా గొంతుకి నీల్లు పోసి సురుతి సెయ్యక్కర్లేదు కదా" అని, ఆ గిన్నె తీసి పక్కన పెట్టి, వాయించడం మొదలెట్టింది. మోహనం. ఇన్నేళ్ళూ ముట్టుకోని రాగం. పంచమం లేకుండా మోహనం లేదు. సా, రి, గా గిన్నెల మీద పలికాయి. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి పుల్లలు గాల్లో ఆగాయి. పంచమం ఆవిడ నోట్లోంచి వచ్చింది. సన్నగా, కాస్త బొంగురుగా. మళ్ళీ చేతులు ధైవతం మీద పడ్డాయి. మొదట నవ్వొచ్చింది నాకు. రెండో ఆవర్తానికి నవ్వు పోయింది.

ఆవిడకి ఎనభై దాటాయి. మూడోసారికి ఊపిరి చాల్లేదు. పుల్లలు ఖాళీ మీద ఆగాయి, నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వంటింటి గుమ్మంలోంచి "పా" అని వినిపించింది. వరలక్ష్మి వదిన. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, మా ఇద్దరి వైపూ చూడకుండా, గోడని చూస్తూ అంది. ఆవిడకి సంగీతం రాదు. కాస్త దిగి పలికింది.

పెద్దమ్మ తల తిప్పలేదు. కుడిచేతి పుల్లని కొంచెం పైకి లేపి, పైకి, ఇంకొంచెం పైకి అన్నట్టు, అలాగే గాల్లో పట్టుకుంది. వదిన గొంతు సవరించుకుని మళ్ళీ అంది. ఈసారి సరిపోయింది. పెద్దమ్మ చేతులు ధైవతం మీదికి వెళ్ళాయి.